గింజ ఉమ్మితే ఏం పోతుంది

తోటలో అడుగుపెట్టగానే మేమంతా పండు కోసం చెయ్యి చాపాం. అమ్మ మాత్రం ఆకు తిప్పి చూసింది.

ఆకు అడుగుభాగాన్ని ఎండకు పట్టి, బొటనవేలితో ఒకసారి రుద్ది వదిలేసింది. ఇంకో మొక్క దగ్గరికి వెళ్ళింది. అక్కడా అంతే. మూడో వరుసలో నేలకు దగ్గరగా, గాలాడని చోట, నీడలో ఉన్న ఆకుని వెతికి మరీ చూసింది. "బూజు లేదు బిడ్డా. ఒక్క ఆకుకన్నా లేదు" అంది. ఆ గొంతులో సంతోషం కంటే అనుమానమే ఎక్కువ. "మందు ఎన్నిసార్లు కొడ్తరో ఆయన్నడుగు."

అది పోయిన సెప్టెంబర్‌లో ఒక శనివారం. నార్త్ కరోలినాలో మేముండే క్యారీ నుంచి ఐ-40 మీద విల్మింగ్టన్ వైపు గంటన్నర వెళితే డూప్లిన్ కౌంటీ వస్తుంది. ఇసుక నేల, పైన్ చెట్లు, చిలగడదుంప పొలాలు, గాలి మళ్ళినప్పుడల్లా పందుల ఫారాల వాసన. తోట దగ్గర కారు దిగితే మాత్రం వేరే వాసన తగిలింది. తలుపులు మూసిన గదిలో జామపళ్ళు మగ్గితే వస్తుందే, అలాంటిది. తోట ఇంకా కనబడకముందే పళ్ళు పండాయని తెలిసిపోతుంది. ఆగస్టు చివర్లో మొదలై అక్టోబర్ దాకా సాగే మస్కడైన్ ద్రాక్ష కోతకి వచ్చాం. బకెట్లు వాళ్ళే ఇస్తారు, మనమే కోసుకోవాలి, పౌనుల లెక్కన డబ్బులిచ్చి తెచ్చుకోవాలి.

అమ్మ ప్రశ్నని తోట పెద్దాయనకి ఇంగ్లీషులో చెప్పాను. పూత సమయంలోనూ ఆ తర్వాతా కాయకుళ్ళు రాకుండా కొన్నిసార్లు కొడతామన్నాడు. ఆకు కింద తెల్లగా వచ్చే బూజు కోసమా అని మళ్ళీ అడిగాను. దానికోసం ఈ తోటలో ఎప్పుడూ మందు కొట్టలేదన్నాడు. అమ్మకి చెప్పాను. నమ్మలేదు. మళ్ళీ అడగమంది.

ఆమె ఎందుకు నమ్మలేదో చెప్పాలంటే మా తోట సంగతి చెప్పాలి.

మేడ్చల్ దగ్గర మాకు మూడెకరాల ద్రాక్ష తోట ఉండేది. అనాబ్-ఎ-షాహీ. పొడుగ్గా, లేత తేనెరంగులో, లోపల గింజలతో ఉండే పెద్ద ద్రాక్ష. ఒకప్పుడు హైదరాబాద్ ద్రాక్ష అంటే అదే. రాతి కడీలు పాతి, మీద ఇనప తీగలల్లి, తల మీదుగా పందిరి వేసి పెంచేవాళ్ళు. ఆ పందిరి కింద వేసవి మధ్యాహ్నం ఎంత చల్లగా ఉండేదో నాకిప్పటికీ ఒంటికి తెలుసు. మన దగ్గర చలికి తీగ నిద్రపోదు కాబట్టి ఏడాదికి రెండుసార్లు కత్తిరించాలి. ఎండాకాలం మొదట్లో ఒకసారి, దసరా దీపావళి రోజుల్లో ఇంకోసారి. ఆ రెండో కత్తిరింపు తర్వాత లేత చిగురు వేసే రోజుల్లో వాన పడిందా, ఇక ఇంట్లో టెన్షనే. అనాబ్-ఎ-షాహీకి బూజు తెగులంటే ప్రాణగండం. పొద్దున ఆకు మీద నూనె మరకలా ఒక పచ్చటి మచ్చ, మర్నాడు దాని కింద తెల్లటి నూగు, నాలుగో రోజుకి పూగుత్తి మాడిపోయేది.

మైలుతుత్తం, సున్నం కలిపి బోర్డో మిశ్రమం చేసేవాడు నాయన. పంపు వీపున వేసుకుని పందిరి కింద తలెత్తి కొట్టాలి. కొట్టిందంతా కొట్టినవాడి మీదే పడుతుంది. ఆ రోజుల్లో నాయన మోచేతుల దాకా నీలంగా ఉండేవాడు. గోళ్ళ సందుల్లో నీలం. అన్నం కలిపేముందు ఎన్నిసార్లు కడిగినా పోయేది కాదు, అమ్మ ముద్దలు చేసి పెట్టేది. తర్వాత తర్వాత మైలుతుత్తం చాలక ఇంకా పేర్లు తెలియని డబ్బాలొచ్చాయి. ఆ డబ్బాలు ఇంటి వెనక పూడ్చిన గుంట నాకు గుర్తుంది.

అందుకే అమ్మ ఆకు తిప్పింది. నలభై ఏళ్ళ అలవాటు.

బూజు తెగులు గురించి నాకు చాలా ఆలస్యంగా తెలిసిన సంగతి ఒకటుంది. అది పుట్టింది ఈ దేశంలోనే. ఉత్తర అమెరికా అడవి ద్రాక్షల మీద ఎప్పట్నుంచో బతుకుతున్న తెగులు అది. 1870లలో ఇక్కణ్ణించి వెళ్ళిన మొక్కలతో పాటు ఓడెక్కి ఫ్రాన్స్ చేరింది. అక్కడి ద్రాక్షకి దాన్ని తట్టుకునే శక్తి లేదు. 1885లో బోర్డోలో మిలార్డే అనే ప్రొఫెసర్ మైలుతుత్తం, సున్నం కలిపిన మందుతో దాన్ని ఆపొచ్చని చూపించాడు. యూరప్ జాతి ద్రాక్ష పెరిగే చోటుకల్లా, వాన పడే నేలకల్లా తెగులూ వెళ్ళింది, వెనకాలే మందూ వెళ్ళింది. అలా మేడ్చల్ దాకా వచ్చింది. మా నాయన చేతుల నీలం రంగుకి మొదలు ఈ అమెరికా అడవుల్లో ఉందన్నమాట. అదే అడవుల్లో పుట్టి, అదే తెగులు పక్కన వేల ఏళ్ళు పెరిగి, దానికి లొంగని ద్రాక్ష ఇప్పుడు అమ్మ చేతిలో ఉంది.

మస్కడైన్‌ని చూస్తే ద్రాక్ష అనిపించదు. గుత్తిగా ఉండదు. నాలుగైదు కాయలు విడివిడిగా వేలాడతాయి, ఒక్కొక్కటి గోలీ కంటే పెద్దది. కంచు రంగువి కొన్ని, నేరేడు పండంత నల్లటివి కొన్ని. ఇక్కడి పాతకాలపు వాళ్ళు కంచు రంగువాటిని స్కపర్నాంగ్ అంటారు, నల్లవాటినే మస్కడైన్ అంటారు. ఆకు చిన్నగా, గుండ్రంగా, అంచున పళ్ళతో నున్నగా ఉంటుంది. మామూలు ద్రాక్షకి ప్రతి కణంలో 38 క్రోమోజోములుంటే దీనికి 40. దగ్గరి చుట్టమే గానీ వేరే ఇల్లు. అందుకే ఈ రెంటినీ కలిపి కొత్త రకాలు తీయడం శాస్త్రవేత్తలకి చాలాకాలం కుదరలేదు.

ఇంకో తేడా ఉంది, కోతలో నాకు బాగా నచ్చింది అదే. ఈ కాయలన్నీ ఒకేసారి పండవు. ఒకే కాడకున్న నాలుగింటిలో ఒకటి ఇవాళ, ఇంకోటి వచ్చే వారం. కత్తెరతో గుత్తి కోసి పడెయ్యడానికి లేదు. ప్రతి కాయనీ పట్టుకుని చూడాలి. పండింది చెయ్యి తగిలితేనే ఊడొస్తుంది. రానిదాన్ని లాగితే తొడిమ దగ్గర తొక్క చిరిగి రసం కారుతుంది, అక్కడికి కందిరీగలొస్తాయి. అమ్మకి ఇదెవరూ చెప్పలేదు. ఐదు నిమిషాల్లో ఆమె వేళ్ళే నేర్చేసుకున్నాయి. కాయ కింద అరచెయ్యి పెట్టి, బొటనవేలితో కాస్త తిప్పుతుంది. వస్తే వచ్చినట్టు, లేకపోతే పక్కదానికి పోతుంది. పక్క వరుసలో అమ్మకం కోసం కోస్తున్న మెక్సికో ఆడవాళ్ళు ఇద్దరున్నారు. వాళ్ళలో ఒకామె అమ్మ చేతుల్ని చూసి ఆగింది, తన బకెట్ చూపించి నవ్వింది. అమ్మ కూడా నవ్వింది. ఇద్దరికీ ఒక్క మాట కూడా తెలియదు.

మావాడికి పదకొండేళ్ళు. మొదటి కాయని మామూలు ద్రాక్షలా నోట్లో వేసుకుని నమిలి మొహం చిట్లించాడు. తొక్క మందం, వగరు, లోపల నాలుగు గింజలు. "సీడ్‌లెస్ లేవా?" అన్నాడు.

వాణ్ణి నేను తప్పు పట్టలేను. ఈ దేశానికి వచ్చిన మొదటి ఏడు నేనూ ఇలాగే ఒక డబ్బా కొని, రెండు కాయలు నమిలి, మిగతావి పారేశాను. తర్వాత పన్నెండేళ్ళు వాటి జోలికి పోలేదు. కాలిఫోర్నియా నుంచి వచ్చిన సీడ్‌లెస్సే కొన్నాను. అది లేని రోజుల్లో చిలీ నుంచి వచ్చినది. మా ఇంటికి గంటన్నర దూరంలో, ఈ నేల తనంతట తాను కన్న పండు ఉంటే దాన్ని పన్నెండేళ్ళు ముట్టుకోలేదు.

తినే పద్ధతి చెబుతాను, ఎవరైనా నాలాగే పారేయకుండా. తొడిమ ఉన్న చోటు పెదాలకి ఆనించి, రెండు వేళ్ళతో నొక్కాలి. తొక్క పగిలి గుజ్జు ఒక్క ముద్దగా నోట్లోకి జారుతుంది. ముందు ఆ గుజ్జు చుట్టూ ఉన్న రసం, తేనె లాంటిది. గుజ్జుని నాలుకతో అంగిటికి అదిమితే గింజలు విడిపోతాయి. ఉమ్మెయ్యాలి. తొక్కని చివరగా మెల్లగా నమిలితే అసలు పరిమళం దాన్లోనే ఉందని తెలుస్తుంది. మింగడం మింగకపోవడం మన ఇష్టం.

అమ్మ చూసి, "గిది చిన్న రసం తిన్నట్టే కదనే" అంది. నిజమే కదా. మామిడి రసాన్ని పిసికి, ముచ్చిక తీసి, చీకి, టెంక కూడా నాకి పడేసే వాళ్ళం మనం. సీతాఫలం తింటూ పక్కన గింజల కుప్ప పోసే వాళ్ళం. బాలానగర్ సీతాఫలంలో ఎన్ని గింజలున్నా ఎవరూ దాని తప్పు అనుకోలేదు. పనస తొనకి చేతికి నూనె రాసుకుంటాం. ముంజెని బొటనవేలితో తోడుకుంటాం. ప్రతి పండుకీ ఒక తినే పద్ధతి ఉంటుందనీ, దాన్ని పెద్దవాళ్ళు చిన్నవాళ్ళకి నేర్పాలనీ మనకి తెలుసు. ఒక్క ద్రాక్ష దగ్గరే ఎందుకు, నోట్లో వేస్తే ఏ అడ్డూ లేకుండా కడుపులోకి పోవాలని పట్టుబట్టాం?

ఆ పట్టుదలకి ఎంత ఖర్చయిందో నాకు మా తోటలో కనిపించింది. గింజ ఉన్న ద్రాక్షకి రేటు తగ్గిపోయింది. మార్కెట్లో అందరూ థాంప్సన్ సీడ్‌లెస్ అడిగారు. గింజ లేని ద్రాక్ష దానంతట అది చిన్నగానే కాస్తుంది, ఎందుకంటే కాయని పెంచే హార్మోన్ గింజలోంచే రావాలి. గింజ తీసేశాం కాబట్టి ఆ హార్మోన్‌ని మనం బయట నుంచి ఇవ్వాలి. అదే జిబ్బరెల్లిక్ ఆమ్లం, రైతులు జీఏ అంటారు. గుత్తుల్ని దాన్లో ముంచాలి. కత్తిరించాక కొమ్మ మీద చిగురు వచ్చే కళ్ళన్నీ ఒకేసారి పగలడానికి ఇంకో రసాయనం పూయాలి. కొమ్మ పెరక్కుండా గుత్తి వెయ్యడానికి మరోటి. 2010లో మన దేశపు ద్రాక్షని యూరప్ వెనక్కి పంపింది ఇలాంటి ఒక పెరుగుదల మందు, క్లోర్‌మెక్వాట్ క్లోరైడ్, అవశేషాలు ఉన్నాయనే. ఎక్కువగా నష్టపోయింది మహారాష్ట్ర రైతులు. వాళ్ళు దొంగతనం చేయలేదు. కొనేవాడు కోరిన పండుని, వాళ్ళకి చెప్పిన పద్ధతిలో పండించారు.

మా నాయన కూడా ఒక ఎకరం పీకేసి థాంప్సన్ వేశాడు. ఆ అప్పు తీరకముందే రెండేళ్ళు వరసగా తప్పు నెలలో వానలొచ్చాయి. ఇప్పుడక్కడ అపార్ట్‌మెంట్లున్నాయి. దాని గురించి ఇంతకంటే రాయలేను.

గింజ, మందమైన తొక్క పండుకి లోపాలని అనేవాళ్ళతో నా గొడవ ఇదే. వాన, ఉక్క, తుపాను, పురుగు, తెగులు అన్నీ ఉన్న నేల ఇది. అమెరికా అధ్యక్షుడిగా కూడా చేసిన థామస్ జెఫర్సన్ అంతటివాడు పక్కనే వర్జీనియాలో యూరప్ ద్రాక్షని మళ్ళీ మళ్ళీ నాటించినా అది నిలబడలేదు. తర్వాతి కాలంలో పియర్స్ డిసీజ్ అని పేరు పెట్టిన బ్యాక్టీరియా జబ్బు ఈ దక్షిణ రాష్ట్రాల్లో బయటి ద్రాక్షని నీళ్ళందకుండా చేసి ఎండబెట్టేస్తుంది. మస్కడైన్ దాన్నీ తట్టుకుంటుంది. వేళ్ళని తినే ఫిలాక్సెరా పురుగునీ తట్టుకుంటుంది. తట్టుకునే శక్తి దాని జన్యువుల్లో ఉంది, కేవలం తొక్కలోనే లేదు, ఆ సంగతి నాకు తెలుసు. ఫ్రాన్స్‌లో దశాబ్దాలు కష్టపడి మస్కడైన్ జన్యువుల్ని మామూలు ద్రాక్షలోకి తెచ్చి, బూజు, బూడిద తెగుళ్ళని ఆపే నాలుగు రకాల్ని 2018లో విడుదల చేశారు. ఒకప్పుడు తెగులు వెళ్ళిన దారినే ఇప్పుడు విరుగుడు వెళ్ళింది. అది చదివిన రోజు నాకు నాయన గుర్తొచ్చి చాలాసేపు ఏ పనీ చేయలేకపోయాను.

గింజ లేని మస్కడైన్ కూడా వచ్చేసిందిగా అని ఒక స్నేహితురాలు అంది. వచ్చింది. ఇదే రాష్ట్రంలో తయారైంది. రైతు పంపు దించేస్తే, పండు తొక్క పల్చనైనా నాకు ఆనందమే. నేను వద్దనేది ఆ వరసని. ముందు మన నాలుకకి సుఖం, తర్వాత రవాణాకి సుఖం, ఆ తర్వాత దుకాణం అరకి సుఖం, ఇవన్నీ తీరాక మిగిలిన భారం రైతు వీపు మీద పంపు. ఆ వరసని తిరగెయ్యాలి. మొక్క ఈ నేలలో తనంతట తాను బతకగలదా అన్నది మొదటి ప్రశ్న కావాలి. బతకగలిగితే, గింజ ఉమ్మడం మనం నేర్చుకోవాలి.

అదే స్నేహితురాలు ఇంకో మాట కూడా అంది. "ఇక్కడివాళ్ళకి చిన్నప్పటి జ్ఞాపకం కాబట్టి ఇష్టం, మనకేం సంబంధం?" ఆ మాట మీద నేను చాలా రోజులు ఆలోచించాను. 1584లో ఇంగ్లండ్ నుంచి వాల్టర్ రాలీ పంపిన ఓడల్లో వచ్చిన ఆర్థర్ బార్లో, ఈ తీరమంతా ద్రాక్షే అనీ, సముద్రపు అలలు వాటి మీద పొర్లుతున్నాయనీ రాశాడు. స్కపర్నాంగ్ అనే పేరు ఇక్కడి నది పేరు, అది ఆల్గాన్‌కియన్ భాషలు మాట్లాడిన ఆదివాసుల మాట నుంచి వచ్చింది. ఆ మనుషుల్ని ఈ తీరం నుంచి దాదాపు తుడిచేశారు. వాళ్ళు పెట్టిన పేరు పండు మీద నిలిచింది. రోనోక్ దీవిలో తల్లి తీగ అని పిలిచే ఒక ద్రాక్ష ఉంది, నాలుగు వందల ఏళ్ళదని చెబుతారు. 2010లో కరెంటు తీగల కింద కొట్టిన కలుపుమందు దాని కొమ్మల మీద పడి కొంత భాగం మాడిపోయింది. జాగ్రత్తగా చూసుకుంటే మళ్ళీ కోలుకుంది. 2001లో ఈ రాష్ట్రం స్కపర్నాంగ్‌ని తన అధికారిక పండుగా ప్రకటించింది. ఇంగ్లీషువాళ్ళు రాకముందు నుంచీ ఉన్న పండు ఇది. ఇక్కడ మనకంటే ముందు వచ్చినవాళ్ళు కూడా వచ్చినవాళ్ళే, ఈ తీగ మాత్రం ఎక్కడి నుంచీ రాలేదు. పన్నెండేళ్ళు ఒక నేల మీద ఇల్లు కట్టుకుని, పన్నులు కట్టి, పిల్లల్ని పెంచినవాళ్ళకి ఆ నేల పండుతో సంబంధం లేదంటే, ఇంక దేనితో ఉన్నట్టు?

రైతు నిలబడటానికి మంచి మొక్క ఒక్కటే సరిపోదని కూడా ఇక్కడే తెలుసుకున్నాను. 1970లలో ఇదే కౌంటీలో మస్కడైన్ ధర పడిపోయి కొనేవాళ్ళు లేకపోతే, రోజ్ హిల్‌లో ఒక రైతు కుటుంబం తమ పండుతో తామే వైన్ చెయ్యడం మొదలుపెట్టింది. ఈ రోజు మస్కడైన్ వైన్ తయారీలో అన్నిటికంటే పెద్దది ఆ డూప్లిన్ వైనరీయే. చుట్టూ ఉన్న ఎంతోమంది రైతుల పంట దానికే పోతుంది. మా ఇంట్లో ఎవరం వైన్ ముట్టం. కానీ ఆ ఊరి మీదుగా వస్తుంటే, గింజ ఉన్న అనాబ్-ఎ-షాహీని అలా పట్టుకుని నిలబడిన చెయ్యి హైదరాబాద్ చుట్టుపక్కల ఒక్కటైనా ఉండి ఉంటే అనిపించింది.

మధ్యాహ్నానికి మూడు బకెట్లు నిండాయి. మావాడు అప్పటికి గింజల్ని ఎంత దూరం ఉమ్మగలడో వాళ్ళ నాన్నతో పందెం వేస్తున్నాడు. ఒక్కో వరుసలో ఒక్కో రకం రుచి చూసి, తనకి నచ్చిన చెట్టుకి గుర్తుగా గడ్డిపోచ కట్టాడు. సీడ్‌లెస్ మాట మళ్ళీ ఎత్తలేదు.

ఇంటికొచ్చాక అమ్మ తొక్కల్ని పారెయ్యనివ్వలేదు. ఇక్కడి పల్లెల్లో ద్రాక్ష తొక్కలతో "పై" అనే వంటకం చేస్తారని తోటలో విన్నది, అది చాలు ఆమెకి. తొక్కల్ని కొంచెం నూనెలో మగ్గబెట్టింది. ఎండుమిర్చి, మెంతులు, ఆవాలు వేయించి, వెల్లుల్లి, కాస్త బెల్లం వేసి రోట్లో నూరింది. చింతపండు వెయ్యలేదు, తొక్కలోనే పులుపుంది. ముదురు ఊదా రంగు తొక్కు. వేడన్నంలో నెయ్యితో తిన్నాం. వగరు ముందు తెలిసి, తర్వాత కారం, ఆఖర్న ఆ జామ వాసన. అమ్మ రెండోసారి కలుపుకుంటూ, "మీ నాయన ఉంటే ఆకు చూసి మురిసేటోడు" అంది. పండు అనలేదు, ఆకు అంది.

నవంబర్‌లో ఆమె హైదరాబాద్ వెళ్ళిపోయింది. ఈ మార్చిలో మేం పెరట్లో కంచె పక్కన రెండు మస్కడైన్ మొక్కలు తెచ్చి పెట్టాం. ఒకటి ఫ్రై అనే రకం, అది ఆడ మొక్క, ఒక్కదాన్నే పెడితే కాయదు. పక్కనే తనకీ ఫ్రైకీ పుప్పొడి ఇవ్వగలిగే కార్లోస్, 1970లో ఇక్కడి యూనివర్సిటీ నుంచి వచ్చిన రకం. రెండూ నడుము ఎత్తున ఉన్నాయి, చక్కగా చిగురుకి సిద్ధంగా. వీడియో కాల్‌లో అమ్మకి చూపించాను. ఫోన్ దగ్గరగా పెట్టమంది. కాండం మొదట్నుంచీ మెల్లగా పైకి చూపించమంది.

"అక్కడ ఆపు. కత్తెర తీస్కో. కింద రెండు కళ్ళు ఉంచి, మీదిదంతా కొయ్యి."

ఇంత మొక్కా, అన్నాను. ఏడాది పెంచి ఇచ్చారు, జానెడు మిగులుతుంది అన్నాను. మావాడు కూడా వద్దన్నాడు.

"రెండు కళ్ళు చాలు బిడ్డా" అంది. "కొయ్యి, నేను చూస్తున్న."